జబ్బు లేకుండా కరీంనగర్ పోయాం

మందమర్రిలో మా క్వార్టర్ల లైనులో భార్యాభర్తలిద్దరే సంచి పట్టుకొని పొద్దున్నే బస్సెక్కారంటే దానికి ఒకటే అర్థం. ఇద్దరిలో ఎవరికో బాగాలేదు. పెళ్లికైతే పిల్లాజెల్లా వెంట ఉంటారు. వేములవాడకు కోడె మొక్కు తీర్చడానికైతే సగం లైను బయలుదేరుతుంది. చావుకైతే సంచి సర్దుకునే తీరికే ఉండదు. ఇద్దరే, సంచితో, అదీ కరీంనగర్ వైపు అంటే ఆస్పత్రికే. ఇంకో కారణం ఉండవచ్చని మా వాళ్లకు తోచదు. చాలా ఏళ్లు నాకూ తోచలేదు.

మా ఆయన రిటైర్మెంటు దగ్గరపడిన సంవత్సరం తోచింది. బొగ్గు బాయిలో, భూమి కింద, పంపు నడిపే పని ఆయనది. రాళ్ల సందుల్లోంచి ఊరే నీళ్లు నిలిచిపోకుండా పైకి తోడుతూ ఉండాలి. పంపు పక్కన ఒక్కడే, నెత్తిమీది టోపీ లైటు వెలుగులో, షిఫ్టు అయ్యేదాకా. ఒక వారం పొద్దుటి షిఫ్టు, ఒక వారం మధ్యాహ్నం షిఫ్టు, ఒక వారం రాత్రి షిఫ్టు. ఆయన వచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని, నేను లేచేసరికి ఆయన నిద్రలో ఉండేవాడు. ఇద్దరు పిల్లలను ఎట్లా కన్నామో ఆ దేవుడికే తెలియాలి.

రిటైరైతే క్వార్టరు కంపెనీకి అప్పజెప్పి వెళ్లిపోవాలి. లక్సెట్టిపేట దగ్గరి ఊళ్లో, మా బావగారి ఇంట్లో, మా వంతుకు రెండు గదులున్నాయి. పొయ్యి వేరే అయినా వాకిలి ఒకటే, గోడలకు చెవులు బోలెడు. ఆ ఇంట్లో నేను మళ్లీ చిన్న కోడలిని. ఆయన ఒకరికి తమ్ముడు, ఇంకొకరికి చిన్నాయన, మరొకరికి తాత. మా ఆయనగా ఉండడానికి ఆయనకు ఖాళీ దొరకదు.

అందుకే నాకు ఒకటే కోరిక పట్టుకుంది. ఆ వాకిట్లో అడుగు పెట్టేలోపు ఈ మనిషితో రెండు రోజులు ఇద్దరమే ఉండాలి. వంట ఉండొద్దు, షిఫ్టు ఉండొద్దు, ఎవరూ వచ్చి తలుపు కొట్టొద్దు. ఇన్నేళ్లుగా కాపురం చేస్తున్నాను కదా, ఈయన నాకు నిజంగా తెలుసా, లేకపోతే ఈయన తినే కూర, విడిచిన బట్టలే తెలుసా అని లోపల ఒక గుబులు. ఇప్పుడు తెలుసుకోకపోతే ఇక ఎప్పటికీ తెలియదని అనిపించేది.

మధ్యాహ్నాలు గిన్నెలు తోమి, వాకిలి పక్కన చాప వేసుకొని, ఫోన్‌లో చూసేదాన్ని. జంటలు పట్నాలకు ఎట్లా పోవాలి, ఎక్కడ ఉండాలి అని ఎవరెవరో రాసిపెట్టారు. ఒక హోటల్లో పరుపు మీద గులాబీ రేకులు చల్లి, తువ్వాళ్లను హంసల్లాగా మడిచి పెట్టారు. ఆ తువ్వాలతో ఒళ్లు తుడుచుకోవాలా, దానికి దండం పెట్టుకోవాలా అని ఆలోచనలో పడ్డాను. ఇంకోచోట కొవ్వొత్తి వెలుగులో భోజనం చేయండి, ప్రేమ పెరుగుతుంది అని రాశారు. మా ఆయన జీవితమంతా చీకట్లోనే సద్ది విప్పుకొని తిన్నాడు, మాకు ఇంకా కొవ్వొత్తి దేనికి? అట్లా ఎగతాళి చేసుకుంటూనే చదివేదాన్ని. చదువుతూ చదువుతూ కళ్లు మూతలు పడేవి. ఆ మగతలో నేను ఏదో కిటికీ దగ్గర నిలబడి ఉండేదాన్ని. కింద ఎవరిదో ఊరు, దీపాలు, ఎవరూ నన్ను పిలవడం లేదు. మెలకువ వచ్చాక కూడా కాసేపు ఆ కిటికీ దగ్గరే ఉండిపోయేదాన్ని.

హైదరాబాద్ అనుకుంటే అక్కడ మా చుట్టాలు లేని గల్లీ లేదు. నాగ్‌పూర్ అనుకుంటే అక్కడ మాట్లాడడానికి మా ఇద్దరి హిందీ కలిపినా చాలదు. కరీంనగర్ మీద మనసు ఆగింది. మానేరు మీద తీగల వంతెన కట్టారని, సాయంత్రం దానికి రంగురంగుల దీపాలు పెడతారని ఫోటోల్లో చూశాను. నవ్వొచ్చే సంగతేమిటంటే, కరీంనగర్‌కు నేను లెక్కలేనన్ని సార్లు పోయాను. అత్తమ్మ కంటి ఆపరేషన్‌కు, పిల్లల జ్వరాలకు, నా గర్భసంచికి. ఆ ఊళ్లో ఏ స్కానింగ్ సెంటర్లో కుర్చీలు మెత్తగా ఉంటాయో చెప్పగలను. సాయంత్రం ఆ ఊరు ఎట్లా ఉంటుందో మాత్రం తెలియదు. సాయంత్రమయ్యేసరికి రిపోర్టుల కోసం కూర్చొనైనా ఉండేదాన్ని, బస్సు కోసం పరుగెత్తుతూనైనా ఉండేదాన్ని.

ఒక రోజు ఆయన పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చి అన్నం తింటుంటే అడిగాను.

"కరీంనగర్ పోదామా?"

"ఎవలికి బాగలేదు?"

"ఎవలికేం కాలే. ఊకెనే పోదాం, మనిద్దరమే. రెండు దినాలుందాం."

అన్నం కలిపే చెయ్యి ఆగింది. "ఉండి?"

"ఉండి ఏందయ్యా? ఉండుడే."

"గంతేనా?"

"గంతే."

ఆయన కంచంలోకి చూస్తూ నెమ్మదిగా, "రెండు దినాలు మనం ఏం మాట్లాడుకుంటమే?" అన్నాడు. అది వెక్కిరింపు కాదు. నిజంగానే భయపడ్డాడు. నాకు కోపమూ వచ్చింది, నవ్వూ వచ్చింది.

"మాట్లాడకుంటె మానె. పక్కన కూసో. పంపు పక్కన కూసుంటలేవా?"

ఆయన మజ్జిగ పోయమన్నాడు. మా ఆయన విషయంలో మజ్జిగ అడిగితే ఒప్పుకున్నట్టే.

హోటల్లో గది ఫోన్‌లోనే మాట్లాడి పెట్టింది మా బిడ్డ. దాన్ని ఆదిలాబాద్‌లో ఇచ్చాం. అల్లుడు పత్తి మిల్లులో పనిచేస్తాడు. విషయం చెప్పగానే అది పకపకా నవ్వింది.

"అవ్వా, హనీమూన్‌కు కరీంనగరా? జర ఊటీనో గోవానో పోరాదు?"

"ముందు కరీంనగర్ల పాసైతే తర్వాత ఊటీ చూస్తం."

"నేను గూడ పిల్లగాన్ని తీసుకొని రానా మరి? మస్తు దినాలైంది బాపును చూడక."

"రాకు," అన్నాను. కన్నబిడ్డను అట్లా అన్నందుకు ఆ పూటంతా మనసు చివుక్కుమంటూనే ఉంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

బాయిలో వారానికి ఒక రోజు సెలవు, దాన్ని ప్లేడే అంటారు. దానికి పక్కనే ఇంకొక రోజు సెలవు పెట్టుకుంటే సరిపోతుంది. ఆయన పోయి సెలవు అడిగి వచ్చాడు, దొరికిందన్నాడు. నేను చీర ఏది కట్టుకోవాలా అని పెట్టె ముందు కూర్చున్నాను. నీలం చీర కట్టుకుంటే నీళ్ల పక్కన బాగుంటుందా, నీళ్లలో కలిసిపోతుందా? నా వయసులో చీర గురించి ఇంత ఆలోచన ఏమిటని నన్ను నేనే తిట్టుకుంటూ మూడోసారి పెట్టె తెరిచాను. అప్పుడే తలుపు దగ్గర అలికిడి అయింది.

ఎదురు లైను ఆవిడ బత్తాయిలు పట్టుకొని నిలబడింది. "ఎట్లుంది చెల్లె పానం?" అంది. ఆమె వెనుక ఇంకొకావిడ బ్రెడ్డు ప్యాకెట్టుతో. ఆమె వెనుక కొబ్బరిబొండంతో ఒక ముసలాయన. నేను చీర ఒళ్లో పెట్టుకొని గుడ్లప్పగించి చూశాను. నా చేతులు పట్టుకొని, ఫికర్ చెయ్యకు, ఇప్పుడు అన్నిటికీ మందులున్నాయని ధైర్యం చెప్పారు. ఒకావిడ కళ్లనీళ్లు కూడా పెట్టుకుంది. నేను ఇంకా ఏమీ చావలేదు తల్లీ అనబోయి ఆగిపోయాను.

మా ఆయన ఇంటికి వచ్చేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కి ఉంది.

"ఏం జెప్పినవ్ బాయిల?"

"ఏం జెప్పలే. మా ఇంటామెకు జర బాగలేదు, కరీంనగర్ల చూపియ్యాలె అన్న."

"నాకు రోగం అంటగడ్తవా? ఏదో ఒకటి నీకే పెట్టుకోరాదు!"

"నాకంటె ఊకుంటరా? ఫిట్‌నెస్ తెమ్మంటరు. బాయి దిగనియ్యరు."

"మరి తిరగనీకి పోతున్నం అని చెప్పనీకి ఏం రోగం?"

ఆయన చెప్పులు విప్పుతూ తల దించుకున్నాడు. "సిగ్గు గాదానే? రేపో మాపో రిటైరయ్యేటోన్ని. పెండ్లాన్ని తీసుకొని తిరగపోతున్న అంటె బాయి బాయంత నవ్వుతది."

అంత పెద్ద మనిషి చెవులు ఎర్రబడడం నేను అప్పుడే చూశాను. కోపం అక్కడికక్కడే సగం చల్లారింది. మిగిలిన సగాన్ని బత్తాయిలు ఒలిచే పనిలో పెట్టాను.

అసలు ఆపద పక్క క్వార్టర్ నుంచి వచ్చింది. ఆ క్వార్టర్లో ఉండే అక్క నాకంటే పెద్దది. ఆమె భర్త కూడా బాయిలోనే పనిచేసేవాడు. కొన్నేళ్ల కింద జబ్బు చేసి, కరీంనగర్ ఆస్పత్రిలో కొన్నాళ్లుండి, అక్కడే పోయాడు. ఆయన ఉద్యోగం కొడుక్కి వచ్చింది. అక్క కొడుకూ కోడలితో అదే క్వార్టర్లో ఉంటోంది. మా లైనులో ఎవరికి బాగాలేకపోయినా ఏ డాక్టర్, ఏ వార్డు అన్నది ఆమే తేలుస్తుంది. ఆమె మాటంటే మాటే.

పండ్లు తేలేదు అక్క. వచ్చి నా ఎదురుగా కూర్చొని, "ఏడ నొస్తుంది?" అంది.

"నడుము," అన్నాను, నోటికి వచ్చింది.

"ఎన్ని దినాలసంది?"

"షానా దినాలైంది."

"నాకెందుకు చెప్పలే? సరే, నేనొస్త. ఆడిమనిషి తోడు లేకుండ దవాఖానకు ఎట్ల పోతవ్? మొగోనికి ఏం తెలుస్తది? గాడ నాకు అందరెర్కే."

మా దగ్గర అది రివాజు. పేషెంటు ఆడమనిషైతే వెంట ఇంకో ఆడమనిషి ఉండాల్సిందే. కాదనడం మర్యాద కాదు, ఏ కారణం చెప్పినా నిలవదు. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు. ఇన్ని నెలలుగా కూడబెట్టుకున్న రెండు రోజులు నా కళ్ల ముందే ముగ్గురి రెండు రోజులైపోయాయి. ఒకే గదిలో అటు అక్క, ఇటు ఆయన, మధ్యలో లేని నడుము నొప్పితో నేను. ఏడుపొచ్చింది. అక్క నొప్పి ఎక్కువైందనుకొని నడుముకు నూనె రాసి మరీ పోయింది.

ఆ సాయంత్రం సంచి ఆయన సర్దాడు. నేను తీసి చూద్దును కదా, పైన దుప్పటి, దాని కింద ప్లాస్టిక్ మగ్గు, ఫ్లాస్కు, గ్లాసు, చెంచా, కింద పరుచుకోవడానికి చాప. ఇద్దరం కలిసి ఊరికి పోయినప్పుడల్లా ఆ మనిషి సర్దింది ఈ సంచే. వేరే సంచి ఎట్లా ఉంటుందో ఆయనకు తెలియదు. తిడదామని నోరు తెరిచాను కానీ తిట్టబుద్ధి కాలేదు. చాప, మగ్గు తీసేసి నీలం చీర పెట్టాను. ఫ్లాస్కు ఉంచాను, ఛాయ్‌కి పనికొస్తుందని.

పొద్దున్నే తలుపు తీసేసరికి అక్క అరుగు మీద కూర్చొని ఉంది. తలంటుకొని, మంచి చీర కట్టుకొని, పక్కన సంచి పెట్టుకొని. ఆ సంచిలో ఏమేం ఉన్నాయో చూడకుండానే చెప్పగలను. ఇప్పుడు చెప్పకపోతే ఇక లేదు.

"అక్కా, నువ్వు రావద్దు."

"మొహమాటమా నా తాన?"

"గది గాదు. నాకేం రోగం లేదక్కా."

ఆమె నా మొహంలోకి చూసింది.

"ఊకెనే పోతున్నం. ఆయనా నేను. రూం తీసుకున్నం. గా వంతెన చూస్తం, ఉంటం, వస్తం. గంతే."

అక్క నన్ను చూసింది. నా వెనుక దొంగలాగా నిలబడిన మా ఆయనను చూసింది. ఆ తర్వాత నా చీర కుచ్చిళ్లను చూసింది. "కరీంనగర్లనా?" అంది, చాలా మెల్లగా. సంచి తీసుకొని లోపలికి పోయి తలుపు వేసుకుంది. గట్టిగా వేసుకొని ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు.

మంచిర్యాల దాటేదాకా బస్సులో నాకు అక్క మొహమే కనబడింది. ఆమె భర్త పోయిన ఊరికి నేను సింగారించుకొని పోతున్నాను, పైగా రూం తీసుకున్నాం అని ఆమె మొహం మీదే చెప్పాను. లక్సెట్టిపేట రాగానే మా ఆయన తువ్వాల నెత్తి మీదుగా కప్పుకొని సీట్లో కిందికి జారాడు. "మనూరోళ్లెవలన్న ఎక్కుతరేమో," అన్నాడు గుసగుసగా. సొంత పెళ్లాన్ని లేపుకొని పోతున్నవాడిలాగా ఉన్నాడు. నాకు నవ్వాగలేదు. నా నవ్వు చూసి ఆయన కూడా తువ్వాల కింద నవ్వాడు.

రాయపట్నం వంతెన మీదికి బస్సు ఎక్కాక ఆయన తువ్వాల తీశాడు. కింద గోదావరి. ఎండ ఇంకా ముదరలేదు, నీళ్ల మీద పల్చటి పొగ లాంటిది ఉంది, ఇసుక తిన్నెల మీద కొంగలు కదలకుండా నిలబడి ఉన్నాయి. బస్సు శబ్దం కూడా ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు అనిపించింది. ఈ వంతెన ఎన్నిసార్లు దాటానో. ప్రతిసారీ ఎవరిదో తల నా ఒళ్లో ఉండేది, నా చూపు ఆ మొహం మీదే ఉండేది. నది ఇంత వెడల్పని ఆ రోజు చూశాను.

హోటల్లో కౌంటర్ దగ్గరి అతను ఆధార్ కార్డులు చూస్తూ, "పేషెంటును ఏ హాస్పిటల్ల పెట్టిన్రు?" అన్నాడు.

"పేషెంటు లేడు," అన్నాడు మా ఆయన.

"డిశ్చార్జ్ అయిండా? మంచిదే."

"అసలు లేడు బిడ్డా."

పేషెంటు పోయాడు పాపం అనుకున్నట్టున్నాడు, అతను గొంతు తగ్గించి తాళం ఇచ్చాడు. మేం మెట్లెక్కేదాకా నవ్వు ఆపుకొని, గదిలోకి పోయి తలుపు వేసుకొని, పరుపు మీద కూలబడి నవ్వాం. పరుపు మీద పూల రేకులు లేవు. తువ్వాళ్లు మామూలుగానే మడిచి ఉన్నాయి. కిటికీ మాత్రం ఉంది.

మధ్యాహ్నం ఆయన పడుకున్నాడు. షిఫ్టుల మనిషి కదా, ఎక్కడ ఒరిగితే అక్కడే నిద్ర. నేను పక్కన కూర్చొని చూశాను. ఇంట్లో ఆయన పగలు పడుకుంటే కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసేదాన్ని. వెలుతురులో ఆయన నిద్రపోవడం చూసింది అదే మొదటిసారి. కనుబొమ్మలో ఒక తెల్లవెంట్రుక ఉంది. కంటి అంచున, ఎంత కడిగినా పోని బొగ్గు గీత సన్నగా ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా పెదవి కొంచెం కదులుతోంది. బయట ఎవరో పుచ్చకాయలమ్మే బండివాడు అరుస్తూ పోతున్నాడు. నాకు లేచి చేయాల్సిన పని ఒక్కటీ లేదు. ఆ పూట ఎంతసేపు గడిచిందో నాకు తెలియదు. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే ఆ మధ్యాహ్నంలోకి పోగలను.

సాయంత్రం ఆటోలో తీగల వంతెనకు పోయాం. ఆటో ఆస్పత్రుల వీధిలోంచి పోయింది. మందుల షాపులు, అరుగుల మీద పడుకున్న మనుషులు, చేతుల్లో ఎక్స్‌రే కవర్లు. నేను మొహం తిప్పుకున్నాను. "అక్క మనసు నొప్పిచ్చిన," అన్నాను. ఆయన, "అబద్ధం జెప్పి గామెను గూడ తీస్కరాలేదు గదా. గది ఇంకా పాపం," అన్నాడు. కొంచెం తేలికపడ్డాను. కొంచెమే.

వంతెన మీద గాలి నిండుగా ఉంది. కింద మానేరు, దూరంగా డ్యాం కట్ట, నీళ్లలో విరిగి కలిసిపోతున్న దీపాల రంగులు. పిల్లలు, పెద్దలు, సెల్ఫీలు దిగే కొత్త జంటలు. మమ్మల్ని పట్టించుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. అది ఎంత సుఖమో చెప్పలేను. రెయిలింగ్ పట్టుకొని నిలబడ్డాం. మాట్లాడడానికి ఏమీ తోచలేదు. నేనూ మాట్లాడించలేదు, నేనే కదా మాట్లాడకుంటె మానె అన్నది.

చాలాసేపటికి ఆయనే అన్నాడు. "పంపు బంద్ జేసినప్పుడు బాయిల నీళ్ల చప్పుడు వినవడ్తది. బొట్టు బొట్టు. నువ్వు ఇంట్ల గిన్నెలు కడుగుతున్నట్టే ఉంటది. ఒక్కోసారి గందుకే బంద్ జేస్త కొద్దిసేపు."

"ఇన్నేండ్లల్ల ఎన్నడు చెప్పలేదేందయ్యా?"

"నువ్వు అడగలే. ఇంటికొచ్చేటాలకు నువ్వు నిద్రల ఉంటుంటివి."

ఇన్నేళ్లుగా నేను ఆ చీకట్లో, ఆయన పక్కనే, గిన్నెలు కడుగుతూ ఉన్నానన్నమాట. ఈయన నాకు తెలియడం మాట అటుంచి, నేను ఈయనకు తెలుసు. అటూ ఇటూ చూసి ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. దీపాలు రంగులు మార్చుకుంటూనే ఉన్నాయి, మేం అట్లాగే నిలబడ్డాం. ఆ తర్వాత ఆయన ఆగకుండా మాట్లాడాడు. చిన్నప్పటి ఎడ్ల పేర్లు, బాయి దిగిన మొదటి రోజు వేసిన భయం, రిటైరైతే ఏం చేయాలో తెలియని దిగులు. ఆకలి గుర్తొచ్చి మిర్చిబజ్జీల బండి దగ్గరికి పోయినా మాటలు ఆగలేదు.

రెండో రోజు ఎక్కడికీ పోలేదు. ఫ్లాస్కులో ఛాయ్ తెప్పించుకొని కిటికీ దగ్గర కూర్చున్నాం. కింద రోడ్డు మీద జంటలు పోతున్నాయి. మగమనిషి చేతిలో సంచి, ఆడమనిషి చేతిలో ఫ్లాస్కు. ఎవరి ఊరు ఏదో, ఎవరికి ఏం జబ్బో. "గా ఇద్దరు గూడ మన లెక్క తిరగనీకి వచ్చిన్రనుకో," అన్నాడాయన. సరే అనుకున్నాను. ఆ పొద్దంతా వచ్చిపోయే ప్రతి జంటనూ అట్లాగే అనుకున్నాం. ఇగో వీళ్లు వంతెన చూడనీకి, ఇగో వీళ్లు ఊకెనే.

తిరిగి వచ్చేసరికి లైనులో ఎవరూ నన్ను ఆరా తీయలేదు. బత్తాయిలావిడ మాత్రం నవ్వుతూ, "నడుము ఏం లేదన్నడట గదా డాక్టర్, మంచిదైంది," అంది. ఆమెకు ఎవరు చెప్పారని అడిగితే అక్క పేరు చెప్పింది. నా పరువు ఆమె అట్లా కాపాడిందని తెలిశాక నాకు ఇంకా సిగ్గేసింది. ఆమె తలుపు దగ్గరికి పోయి, కొట్టకుండా వెనక్కి వచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం, మా ఆయన డ్యూటీకి పోయాక, ఆమే వచ్చింది. గడప మీద కూర్చుంది. నేను ఛాయ్ ఇచ్చాను, తాగింది. "వంతెన మంచిగుందా?" అంది. ఉందన్నాను. "దవాఖాన కిటికీల నుంచి కనవడ్తదా?" అంది. కనబడదేమో అన్నాను. అప్పుడు ఇంకా కట్టలేదేమోనని కూడా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"మేం ఎన్నడు ఏడికి పోలే చెల్లె, ఇద్దరమే," అంది అక్క. "గా దవాఖానల ఉన్న దినాలే. పొద్దుగూకంగ కిటికీ కాడ కుర్సీ ఏసుకునేది. ఒక్క గ్లాసుల ఛాయ్ ఇద్దరం తాగేది. సెలైన్ లేని చెయ్యితోని నా చెయ్యి పట్టుకుంటుండె. ఒకనాడు నేను తల దువ్వుకుంటుంటె, నీకు గింత జుట్టున్నదా అన్నడు. కొడుకు పెండ్లీడుకొచ్చినంక చూసిండు నా జుట్టు."

ఆమె నవ్వింది. నవ్వి, ఖాళీ గ్లాసును అరచేతుల మధ్య పెట్టుకొని కూర్చుంది.

"ఎవలికి చెప్పలే ఇంతవరకు. జర మెల్లగ నయమైతె బాగుండు అనుకున్న నేను. ఇంటికి పోతె మల్ల షిఫ్టులే గదా, మల్ల ఎవల దారి వాళ్లదే గదా అని. గట్ల మొక్కుకున్న. మొక్కినంక వారం తిరగలే, పోయిండు."

"నీ మొక్కుకు పోలేదక్కా," అన్నాను. ఏడుస్తూ అన్నాను. ఆమె మోకాలి మీద చెయ్యి వేశాను. ఆమె కళ్లలో నీళ్లు లేవు. ఎన్నేళ్లుగా ఎండిపోయి ఉన్నాయో.

"గానాడు పొద్దున నువ్వు ఊకెనే పోతున్నం అన్నవ్ చూడు," అంది. "నాకు మస్తు కోపమొచ్చింది. నీ మీద గాదు. గట్ల గూడ పోవచ్చని మాకెవలు చెప్పలే."